రెండు అడుగుల తరుగు

ముందు పోయినవి లెక్క చెబుతాను. యాకూబ్ అన్నకు పంతొమ్మిదో ఏట చీకట్లో చూపు పోయింది. ముప్పై దాటాక పక్కచూపు పోయింది. బోధన్ బజారులో ఎదురొచ్చే మనిషి కనిపించేవాడు, పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించేది కాదు. నలభై నాలుగుకు సూదిలో దారం ఎక్కించడం పోయింది. దర్జీకి ఆ తర్వాత పోవడానికి ఏం మిగులుతుంది? ఒక్క అవకాశం మిగిలింది. అది పోవడంలో నా చెయ్యి ఉంది. ఉందనే అనుకుంటున్నాను. ఐదేళ్లుగా మోస్తున్న ఈ బరువు ఎంతో నాకే తేలలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ధాన్యం తూకం వేసేవాణ్ని. చదివింది ఏడో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. పచ్చి వడ్లు ఎన్ని రోజులు ఎండితే బస్తాకు ఎంత తరుగు పోతుందో గుప్పిట్లో పట్టి చెప్పగలను. ఆ నేర్పే నన్ను ముంచింది.

హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోందని తెలిసి అన్నను తీసుకెళ్లాను. మూలకణాల నుంచి వెలుగును పట్టే కణాలను పెంచి, కంటి వెనక పొరలో చచ్చిపోయిన వాటి చోట పెట్టి చూస్తారట. చూపు వస్తుందని ఎవరూ మాటివ్వలేదు. కొద్దిమందికే, అదీ ఒక్క కంటికే. అన్న పేరు రాసుకొని నోటుబుక్కు ఇచ్చారు. ఆరు నెలలు, ప్రతి ఆదివారం, వేళ్లు చూపిస్తే ఎంత దూరం నుంచి లెక్కపెట్టగలుగుతున్నాడో కొలిచి రాయాలి. ఆ పని నేను ఒప్పుకున్నాను.

దుకాణం బండల మీద ఆయన సుద్దతోనే గీతలు గీశాం. అన్న ఉతికిన చొక్కా వేసుకొని స్టూలు మీద కూర్చునేవాడు. ఐదున్నర అడుగులు. మరుసటి వారం ఐదున్నర. ఆ పై వారమూ అంతే.

తర్వాత వడ్ల కొనుగోళ్లు మొదలయ్యాయి. నేను మాక్లూర్‌లో కాంటా దగ్గర ఉండిపోయాను. చివరి పదకొండు ఆదివారాలు వెళ్లనే లేదు. గడులు ఖాళీగా వదిలేయవచ్చు. ఎందుకు వదల్లేదు? ఖాళీ గడి చూస్తే నాకు సిగ్గు. ఈ జబ్బులో చూపు తగ్గుతూ పోతుందని డాక్టర్లే అన్నారు కదా అని, ఎండే వడ్లకు తరుగు తీసినట్టు వారం వారం కొంచెం కొంచెం తగ్గిస్తూ పదకొండూ నింపేశాను. చివరి గడిలో మూడున్నర పడింది. అంకెలు ఎంతో నమ్మకంగా కనిపించాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పుస్తకాన్ని చాలాసేపు చూసింది.

“ఇక్కడి పరీక్షకూ దీనికీ పొంతన లేదు. అన్నీ కొలిచే రాశారా?”

అన్న నా పక్కనే కూర్చున్నాడు. ముఖం నా వైపు తిప్పాడు.

“అవును మేడం, కొలిచే రాసిన,” అన్నాను.

చూపు నిలకడగా లేని కంటిలో కణాలు పెడితే, తర్వాత వచ్చే మార్పు వాటివల్లో కాదో తెలియదని ఆమె ఓపికగా చెప్పింది. అన్నను తీసుకోలేదు.

తిరుగు బస్సులో నిజామాబాద్ దాటాక అన్న మాట్లాడాడు.

“వడ్ల పని అయిపోయిందా తమ్మీ?”

“అయిపోయింది అన్నా.”

“అయితే గీ ఆదివారం వస్తవ్. నా కండ్లు నీ కాంట మీద ఏసినవ్, తరుగు జర తక్కువ తియ్యి.”

నవ్వాడు. అది ఉత్త హాస్యమా? అంతా తెలిసే అన్నాడా? ఖాళీ దుకాణంలో ఉతికిన చొక్కాతో పదకొండు ఆదివారాలు కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిస్తే డాక్టరమ్మ ముందు ఎందుకు నోరు విప్పలేదు?

ఆ ఆదివారం వెళ్లాను. కొలిచాను. మళ్లీ కొలిచాను. ఐదున్నర.

“ఎంత?” అని అడిగాడు.

“మూడున్నర,” అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. రాసిన అంకెను కాపాడుకున్నానేమో.

ఇప్పుడు అన్నకు వేళ్లు కనిపించవు. వెలుగూ నీడా, అంతే. ఆ కణాలు పెట్టినా ఇంతే అయ్యేదేమో. ఉన్నదీ ముందే పోయేదేమో. ఎన్ని రకాలుగా వేసినా ఈ లెక్క తేలదు. ఇది ఆయనకు చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. మీకు చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. తేలేది ఒక్క తీసివేతే. ఐదున్నరలోంచి మూడున్నర. ఆయన చూపులోంచి నేను తీసి, ఇవాళ్టికీ తిరిగి ఇవ్వనిది. రెండు అడుగులు.