జేబులో దొరికిన పొట్లం

ఆ నాలుగంతస్తుల మేడ మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆవిడ, పెట్టె వేడెక్కేలోగా జేబులన్నీ తడిమి చూసేది. చిల్లర, చీటీలు, ఒకసారి ఎవరిదో కట్టుడుపన్ను కూడా దొరికాయి. దొరికింది దొరికినట్టు ఇచ్చేసేది. ఒకరింటి గుట్టు ఇంకొకరి చెవిన వేసేది కాదు. అందుకే ఆ మేడలో ఆవిడకి మంచి పేరు.

మూడో అంతస్తులో పదహారేళ్ల పిల్ల ఉండేది. గలగలా వాగుతుందని ఆవిడ దాన్ని ‘వసపిట్టా’ అనే పిలిచేది. ఒకరోజు వసపిట్ట ప్యాంటు జేబులో చిన్న పొట్లం తగిలింది. విప్పకముందే వాసన చెప్పేసింది. గంజాయి.

పొట్లం జేబులోనే ఉండిపోయిందని గుర్తొచ్చి పిల్ల పరుగున దిగొచ్చింది. "అత్తా, అమ్మకి చెప్పకు. నీకు దణ్ణం పెడతా. బుర్రలో రొద కాసేపు ఆగుతుంది, అంతే. ఇంకెప్పుడూ ముట్టను, ఒట్టు."

ఆవిడ పొట్లాన్ని మురుక్కాలవలో పారేసి, మాట కడుపులో పెట్టుకుంది.

తరవాత నాలుగు నెలల్లో వసపిట్ట నోరు మూగబోయింది. ఒకే చొక్కా వారమంతా వేసుకుని తిరిగేది. ఇంకో రెండుసార్లు జేబులో అదే వాసన తగిలినా ఆవిడ అడగలేదు. ఒక సాయంత్రం పిల్ల మెట్ల మీద కూలబడి, "నేను లేకపోతే ఎవరికేం తక్కువత్తా?" అంది.

"చాల్లే, పెద్ద ఆరిందాలా!" అని నవ్వేసి ఆవిడ దుప్పటి మడతేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అంబులెన్సు వచ్చింది. పిల్ల చావు అంచుదాకా వెళ్లి బతికింది.

 మూడో రోజు ఆవిడ ఆసుపత్రికి వెళ్లి, తల్లి ఎదుట నిలబడి అంతా చెప్పేసింది. పక్కనే ఉన్న డాక్టరమ్మ నిదానంగా అంది: "గంజాయి ఒక్కటే కారణమనలేం. దిగులు ముందునుంచే ఉండొచ్చు. కానీ ఈ వయసులో అది దిగుల్ని ఇంకా లోతుకి లాగుతుంది. ముందే తెలిస్తే ముందే చూసేవాళ్లం."

"నాలుగు నెలలు నా మొహం చూస్తూనే బట్టలిచ్చావు కదమ్మా" అంది తల్లి. అంతకుమించి ఒక్కమాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి. ఆ ఇంటి మూట రావడం ఆగిపోయింది.

రెండు నెలలకి పిల్లే దిగొచ్చింది, చిక్కిపోయి.

"నువ్వు చెప్పెయ్యాల్సిందత్తా."

"చెప్పాల్సిందే తల్లీ. మంచిదాన్ననిపించుకోవాలని నోరు కట్టేసుకున్నా."

పిల్ల పరవాలేదనలేదు. ఆవిడా ఆ మాట కోసం చూడలేదు. పెట్టె పక్కనపెట్టి, "ఈ వారం ఎలా ఉంది?" అని అడిగింది.

"నిన్న అస్సలు బాలేదు. అమ్మకి చెప్పా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది."

"ఇవాళ?"

"కాస్త నయం."

ఆవిడ బట్టలు తీసి స్టూలు ఖాళీ చేసింది. పిల్ల కూర్చుంది.