తిప్పమ్మ క్యాలెండర్

తిప్పమ్మ మా మెడికల్ షాపుకు వస్తే మెట్టెక్కదు. మగవాళ్లంతా వెళ్లేదాకా తలనొప్పి మాత్ర అడిగే మొహం పెట్టుకుని బయటే నిలబడుతుంది. పావగడ బజార్లో ఇరవై ఏళ్లుగా కూర్చున్నదాన్ని, ఆ మొహం నాకు తెలుసు.

నలభై మూడేళ్ల మనిషి. శెనక్కాయ చేను సోలార్ పార్కుకు కౌలుకిచ్చి, అదే చేలో కూలికి ప్యానెళ్లు కడుగుతుంది. ఏడాదిగా నెలసరి వస్తే పదిహేను రోజులైనా ఆగదు. "అంబుజక్కా, ఆడ మరుగు యాడుంటాది? చీర తడిస్తే నేనేం కావాల?" అని ఒకరోజు ఏడ్చేసింది.

నేనే ఆస్పత్రికి పంపాను. ఏ మందు సరిపోతుందో చూద్దామంది డాక్టరమ్మ. మొదటి మూడు నెలలు రక్తస్రావం తగ్గించే మాత్ర, అదీ రక్తం పోయే రోజుల్లోనే. లొంగకపోతే హార్మోన్ మాత్ర. రక్తం కనబడిన ప్రతి రోజూ క్యాలెండర్‌లో కుంకుమ బొట్టు పెట్టుకు రమ్మంది.

మొదటి నెల పన్నెండు బొట్లు. రెండో నెలలో మారెమ్మ జాతర, ఆరతి మోసే వంతు తిప్పమ్మది. జాతరకు నెలసరి వాయిదా వేసే మాత్రలు మా దగ్గర చీటీ లేకుండానే పోతాయి. ఆమెకూ ఇచ్చాను. అవీ హార్మోన్ మాత్రలేనని తెలిసే ఇచ్చాను. జాతరయ్యాక "ఇవే బాగుండాయక్కా" అంటే మళ్లీ ఇచ్చాను. రెండు నెలలు ఒక్క బొట్టూ పడలేదు.

డాక్టరమ్మ ఆ క్యాలెండర్ చూసి మొదటి మందే పనిచేసిందనుకుంది. అదే వాడమంది. తిప్పమ్మ వచ్చి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. రెండు వీధుల అవతలున్న ఆస్పత్రికి నడిచి నిజం చెప్పడానికి నాకు కాళ్లు రాలేదు, లైసెన్సు పోతుందని భయం. సిగ్గులేని దాన్ని.

డాక్టరమ్మ మందే చాలని జాతర మాత్రలు ఆపిన నాలుగో రోజు, రక్తం ఆగక తిప్పమ్మ ప్యానెళ్ల మధ్య పడిపోయింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

నేను వెళ్లేసరికి డాక్టరమ్మ కేకలేస్తోంది. "మాత్రలు సరిగ్గా మింగినావా?"

తిప్పమ్మ గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "లేదమ్మా. నాదే తప్పు, మరిసిపోతిని."

"ఇట్లయితే మందులతో కాదు. గర్భసంచి తీసేయాల్సిందే."

ఇక నోరు మూసుకోలేకపోయాను. "ఆ బొట్లు పడకుండా చేసింది నేనమ్మా" అంటూ అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ ఆపరేషన్ మాట పక్కనపెట్టి, మళ్లీ మొదటినుంచి చూద్దామని కొత్త క్యాలెండర్ తెమ్మంది నర్సుతో.

డాక్టరమ్మ వెళ్లాక తిప్పమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు చెప్పినావక్కా? నీ అంగడి మూసేస్తే, వచ్చే జాతరకు నాకు మాత్రలెవరిస్తారు?"