మాల్ట్ కంపెనీ, ఐదో మాట

నాన్నగారు అమెరికా వచ్చిన మొదటి ఆదివారమే మా తెలుగు క్రైస్తవ సంఘంలో లేచి సాక్ష్యం చెప్పారు. ఫార్మా కంపెనీలో నా ఉద్యోగం పోవడం, నేను ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో నెలల తరబడి ఖాళీగా కూర్చోవడం, అక్కడ ఊళ్లో ఆయన ఉపవాసముండి ప్రార్థించడం, అన్నీ చెప్పి, "దేవుడు నా బిడ్డకి మాల్ట్ కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగం దయచేశాడు" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. కూటం అయ్యాక సంఘ పెద్ద భార్య నా చెయ్యి పట్టుకుంది.

"రాగి మాల్టా సిస్టర్? మావారికి షుగరు. శాంపిల్ ప్యాకెట్లుంటే రెండు తెచ్చిపెట్టు."

నేను నోరు తెరిచేలోపే పులిహోర ట్రే వైపు వెళ్లిపోయింది.

ఆ రోజే సంఘ పెద్ద నాన్నగారికి గుడ్ ఫ్రైడే నాడు ఐదో మాట మీద ప్రసంగించే అవకాశం ఇచ్చారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో అది దప్పిక మాట, నాకు దాహంగా ఉంది అన్నది. నాన్నగారు రిటైరైన పాస్టరు. ఊళ్లో ఆయన కట్టించిన మందిరంలో కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టేవాడు గానీ, ప్రసంగానికి పల్పిట్ ఎక్కమని ఒక్కసారీ అనలేదు. అందుకే ఐదో మాట దొరికేసరికి ఆయనకి రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఆయన రాగి మాల్ట్ తాగుతుంటే విషయం చెప్పాను. మాది సింగిల్ మాల్ట్ అన్నాను.

"సింగిల్ అంటే ఒట్టి రాగులేనా? సజ్జలు కలపరా?"

"రాగులు కాదు నాన్నగారూ, బార్లీ. నానబెట్టి, నేల మీద పరిచి మొలకెత్తనిస్తారు."

"మీ అమ్మా అంతేగా చేసేది."

"మొలక పెరక్కముందే వేడి మీద ఆరబెట్టి చంపేస్తారు. కొందరైతే కింద చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిపెళ్లలు కాల్చి పొగ పట్టిస్తారు. తర్వాత మర పట్టి, వేణ్ణీళ్లలో తీపి దించి, పులియబెట్టి, రాగి కుండల్లో రెండుసార్లు కాస్తారు."

"రాగి లేదన్నావుగా?"

"ఆ రాగి కాదు. రాగి చెంబు రాగి."

గ్లాసు కింద పెట్టేశారు. "కాస్తారా? సారా కాసినట్టా?"

"విస్కీ నాన్నగారూ. స్కాట్లండ్ విస్కీ."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "సంఘంలో ఎవరికైనా తెలుసా?" అని మాత్రం అడిగారు. ఆ తర్వాత ఒకటొకటే అడగడం మొదలుపెట్టారు. ఏ వస్తువు గురించి విన్నా అందులో ప్రసంగానికి పనికొచ్చే ఉదాహరణ ఉందేమోనని వెతకడం ఆయనకి జీవితకాలపు అలవాటు. ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారని, ఏటా కొంత గాల్లో కలిసిపోతుందని, ఆ పోయినదాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారని చెప్పాను. "దేవదూతలకి వాటానా?" అని నవ్వారు కూడా.

నేను తాగను. తాగుబోతుతనం పాపమని ఆ రోజూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. నా పని సీసా పెట్టె మీద కథ రాయడం. వాగు, నల్లరాయి గోడ, మంచులో పీపా దొర్లించుకొచ్చే ముసలాయన. నేను చూడని తాతలకి గడ్డాలు పెంచేదాన్ని. అంత ఖరీదు పెట్టి కొనేవాడికి కావలసింది మందు కాదు, తన ఇంట్లో లేని ముత్తాత. వాణ్ణి నేను చక్కగా తయారుచేసి ఇచ్చేదాన్ని.

ఒక శనివారం ఇండియన్ గ్రోసరీ పక్కనున్న లిక్కర్ షాపులో మా కొత్త సీసాకి ప్రచారం పెట్టారు. నేను బల్ల వెనక నిలబడి రుచి చూడ్డానికి చిన్న కప్పుల్లో పోసి అందిస్తుంటే సంఘ పెద్ద లోపలికి వచ్చారు. చేతిలో షాపువాళ్ల బుట్ట ఉంది.

"వందనాలు బ్రదర్" అన్నాను.

ఆయన బల్ల వైపు చూశారు, నా మెడలో కంపెనీ బ్యాడ్జి వైపు చూశారు. "మా మేనేజర్‌కి గిఫ్ట్ కోసం..." అని సగంలో ఆపి వెళ్లిపోయారు. ఆ బుట్ట సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే సంఘ పెద్ద, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. నేను టీ పెడుతుంటే హాల్లోంచి అన్నీ వినపడుతున్నాయి.

"అయ్యగారూ, మీకిచ్చింది దప్పిక మాట. మీరు పైన దాహం గురించి చెప్తుంటే, కింద మీ అమ్మాయి అందరికీ పోస్తానంటే ఎలాగండీ?"

ఆవిడ కిసుక్కున నవ్వింది. "రాగి మాల్టనుకుని శాంపిల్స్ కూడా అడిగాను! తెచ్చిచ్చుంటే మా ఇంటాయన ఆరాధనకి తూలుకుంటూ వచ్చేవారు. ఆడపిల్ల కదండీ, బల్లేసుకుని మందు పోయడమేంటండీ?"

"మాట తీసేస్తారా?" అని నాన్నగారు అడిగారు.

"తీసేయం. మీరు పెద్దవారు. ముందు ఆ పనిని పల్పిట్ మీంచి ఖండించండి. తర్వాత మీ మాట మీరు చెప్పుకోండి" అన్నారు సంఘ పెద్ద.

నేను టీ తెచ్చి ఇచ్చాను. ఆవిడ తీసుకుని, పంచదార తక్కువైందంది. నాన్నగారు నా వైపు చూడలేదు.

అప్పటికే ఆయన ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. దాహమన్న ప్రభువుకి పులిసిన ద్రాక్షారసంలో స్పంజి ముంచి అందించిన చెయ్యి ఎవరిదో లేఖనంలో పేరు లేదు. ఆ పేరు లేని చెయ్యి మీదే చెప్తానని నాతో వంటింట్లో ఎన్నిసార్లు అన్నారో. శుక్రవారం పొద్దున తెల్ల పంచె ఇస్త్రీ చేసి ఇచ్చాను. చెయ్యి గురించే చెప్తారా అని అడగడానికి ధైర్యం చాలలేదు.

మేము మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునే అమెరికన్ చర్చి నిండిపోయింది. నాలుగో మాట అయ్యాక నాన్నగారు లేచారు. మొదటి వాక్యంలోనే నా కూతురు అన్నారు. బార్లీని నీళ్లలో ముంచడం బాప్తిస్మానికి వెక్కిరింత అన్నారు. మొలకను బతకనివ్వకుండా కాల్చి చంపడం సాతాను పని అన్నారు. పొగ అంటే నరకం. రెండుసార్లు కాయడం లేఖనం చెప్పిన రెండో మరణం. "ఆవిరైపోయేది దేవదూతల వాటా అంట! మరి మిగిలేది ఎవరి వాటా? నా ఇంట్లో, నా బిడ్డ కడుపు నింపుతోంది, ఎవరి వాటా?" అన్నారు.

జనం కేకలేశారు. హల్లెలూయ, ఆమేన్. నా పక్కన కూర్చున్న ఒకావిడ తన తెల్లచీర కుచ్చిళ్లు నాకు తగలకుండా దగ్గరికి లాక్కుంది. నా గురించి ఏడుస్తూ ప్రార్థించమని నాన్నగారు అడిగారు, వాళ్లు ఏడ్చారు. ఇక్కడ పుట్టి పెరిగిన ఒక అమ్మాయి వెనక్కి తిరిగి, "ఆంటీ, తాతయ్య టాకింగ్ అబౌట్ యూ?" అంది. వాళ్లమ్మ దాని తల ముందుకి తిప్పింది.

ప్రసంగం గొప్పగా ఉంది. నేను చిన్నప్పటి నుంచి ఆయన ప్రసంగాలు విన్నాను. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ద్రాక్షారసం అందించిన చెయ్యి గురించి మాత్రం ఒక్క ముక్క రాలేదు. ఆ మాట పలికిన ప్రభువు తన నోటికి తడి అడిగాడు గానీ ఎవరి మీదా నేరం మోపలేదు. ఆ మాట మీద నిలబడి ఒక మనిషిని కొట్టొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ప్రభువు మీద నా నమ్మకం తగ్గలేదు. పల్పిట్ మీద తగ్గింది.

కూటం అయ్యాక అందరూ ఆయన చేతులు ముద్దు పెట్టుకున్నారు. నేను పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"గొంతు వెనకదాకా వినపడిందా అమ్మా?"

"వినపడింది నాన్నగారూ."

"ఈస్టర్ నాడు సూర్యోదయ ఆరాధనలో వాక్యం కూడా నన్నే చెప్పమన్నారు." సీటు బెల్టు కోసం తడుముకుంటూ, "నిన్ను మాత్రం కొన్నాళ్లు రావద్దన్నారు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర ఇబ్బంది అవుతుందట" అన్నారు.

"మీరేమన్నారు?"

"మరి నన్నెవరు తీసుకొస్తారని అడిగాను."