మంత్రివర్గానికి మా మామ పెట్టిన పోగులు

ఆ రోజుల్లో రాజధాని అంటే కర్నూలు, కర్నూలంటే గుడారాలు. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో ఉన్నాం గనక, గుడారం కింద కూర్చున్న ప్రతివాడూ మాకు మహారాజులాగే కనిపించేవాడు. సంకీర్ణ ప్రభుత్వం గురించి ఇప్పుడు టీవీల్లో గంటలకొద్దీ అరుస్తున్నారు గానీ, నాకు మాత్రం అది ఇరవై ఏళ్ళ వయసులోనే, పొట్టేలు మాంసం సాక్షిగా, పూర్తిగా అర్థమైపోయింది. నవ్వకండి, చెబుతాను.

సోమందేపల్లి దగ్గర మా ఊళ్ళో జాతరకు నలుగురూ కలిసి పొట్టేలును కోసి, తంగేడు మండల మీద పోగులు పెట్టి పంచుకునేవాళ్ళు. ప్రతి పోగులోనూ ఇంత కండ, ఇంత ఎముక, ఓ కార్జం ముక్క పడాలి. పోగులు పెట్టినవాడు అందరూ తీసుకున్నాక మిగిలిన పోగు తీసుకోవాలి. అందుకే వాడు చచ్చినట్టు సమంగా పెడతాడు. ఈ విద్యలో మా మామను (అమ్మకు అన్న) మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆయన పోగులు పెడితే ఎవరూ తక్కెడ అడిగేవారు కాదు. ఆ ఒక్క మంచిపేరుతోనే ఏ పార్టీ లేకుండా నిలబడి ఎమ్మెల్యే అయిపోయాడు. ఊరు ఆయన్ని కోరింది ఒకటే, మా చెరువు తూము బాగు చేయించమని. తూము కారిపోయి, వరి పొట్ట మీదుండగానే చెరువు అడుగంటేది. మా నాయన ఎండిన మడిగట్టు మీద కూర్చుని ఏడవడం నేను చూశాను.

అంతలో కర్నూల్లో ఏ పార్టీకీ బలం చాలక, ఒక పెద్ద పార్టీ, రెండు చిన్న పార్టీలు కలిసి ప్రభుత్వం కట్టబోయాయి. అప్పటికీ తలలు తక్కువై మామ కోసం జీపు పంపించాయి. నాకు ఇంగ్లీషు వచ్చు గనక (టెలిగ్రాం చదివేంత) నన్నూ ఎక్కించుకున్నాడు. మామ తల్లి, అంటే మా అవ్వ, జీపుకు అడ్డం నిలబడి, "నీళ్ళ శాఖ తెస్తేనే ఇంటికి రా నాయనా. లేకుంటే ఆడ్నే ఉండు" అని దీవించింది.

గుడారంలో పెద్దలంతా ఖద్దరు మడతలు నలగకుండా కొట్లాడుకుంటున్నారు. సిద్ధాంతాలు పొద్దున కాఫీతోనే అయిపోయాయి, మిగిలిందల్లా రెవెన్యూ ఎవరికి, హోం ఎవరికి. రోజులు గడుస్తున్నా తెగలేదు. చివరికి మామ విసుగెత్తి లేచాడు.

"ఏమప్పా, ఇంత చదువుకున్నోళ్ళు ఒక్క పొట్టేలును పంచుకోల్యాక పోతాండారే! నేను పోగులు పెడతా, మీరు తీసుకోండి. మిగిలింది నాకు."

అందరూ సరేనన్నారు. నేను శాఖల పేర్లు కాగితం ముక్కల మీద రాసిచ్చాను. మామ చాప మీద బాసింపట్టు వేసుకుని పోగులు పెట్టాడు. రెవెన్యూ పక్కన పశువైద్యం, హోం పక్కన మ్యూజియంలు, నీటిపారుదల పక్కన జైళ్ళు, ఇట్లా. నేను చెవిలో ఊదాను: "మామా, నీళ్ళ పోగులో ఇంకో రెండు ఎముకలు వెయ్యి. ఎవరూ ముట్టుకోరు, మనకే మిగుల్తాది."

మామ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "దాన్ని పోగు పెట్టడం అనరు అల్లుడా, దొంగతనం అంటారు."

పెద్దలు ఒక్కొక్కరే వచ్చారు. మొదటాయన తన పోగు తీసుకుంటూ పక్క పోగులోంచి విద్యను కూడా లాక్కున్నాడు. రెండో ఆయన తన పశువైద్యాన్ని పక్కాయన పోగులోకి తోసేసి ఆబ్కారీని ఏరుకున్నాడు. మూడో ఆయన తన పోగుతో పాటు నీటిపారుదలను కూడా సుతారంగా జేబులో వేసుకున్నాడు. మామ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. పక్కవాడి పోగులో చెయ్యి పెట్టేవాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు మరి. చివరికి చాప మీద మిగిలింది జైళ్ళు ఒక్కటే. మామ దాన్నే కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. చప్పట్లు మాత్రం ఘనంగా కొట్టారు.

తిరుగు ప్రయాణంలో ధర్మవరం స్టేషన్లో నేతపనివాళ్ళు పట్టుశాలువ కప్పి నూలు అడిగారు. "నా పోగులో అది పడలేదప్పా" అన్నాడు మామ. పెనుకొండలో మా ఊరి జనం తప్పెట్లతో దిగారు. నాయన గుంపును తోసుకుని ముందుకొచ్చి, "ఏం బావా, తూము సంగతి యాడికొచ్చినాది?" అన్నాడు.

"జైళ్ళు వచ్చినాయి బావా."

తప్పెట్లు ఆగిపోయాయి. "జైల్లో వరి నాటుకోమంటావా?" అని నాయన అక్కడే కూలబడ్డాడు.

ఆ ప్రభుత్వం కొన్ని నెలలకే ఊడిపోయింది. మామ హయాంలో జరిగిన ఘనకార్యం పెనుకొండ సబ్‌జైలుకు సున్నం కొట్టించడం. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి ఊరు ఊరంతా ఆయన్ని ఓడించింది. హిందూపురం మండీలో బెల్లం వ్యాపారి ఒకడు నిలబడితే, నేనే సైకిలెక్కి ఊరూరా తిరిగి, "తన పోగు తాను ముందే లాక్కునే నేర్పు ఉన్నోడు కావల్ల మనకు" అని ఉపన్యాసాలు దంచాను. ఆయన గెలిచాడు. నేర్పు నిజంగానే ఉంది, తన పోగు తాను లాక్కున్నాడు. మా తూము మాత్రం కారుతూనే ఉంది.

ఆ ఏడు జాతరకు పొట్టేలును కోశారు. కొత్త ఎమ్మెల్యే ముఖ్య అతిథిగా కత్తి పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. అయినా ఒక్కడూ ఆయనవైపు చూడలేదు. ఊరంతా చేతులు కట్టుకుని మామ కోసం ఎదురుచూసింది. మామ వచ్చాడు, ఎప్పటిలాగే పోగులు పెట్టాడు, పక్కకు జరిగాడు. అందరికంటే ముందు ఉరికి పోగు ఎత్తుకున్నది నేనే. తక్కెడ అడగలేదు.

ఆ మధ్యాహ్నం రాగి సంగటిలోకి ముక్క నంజుకుంటుంటే అవ్వ ఎదురుగా వచ్చి కూర్చుంది. "కూరకైతే నా కొడుకు కావల్ల. ఓటుకైతే పనికి రాడా?"

ఇప్పుడు ఎక్కడ సంకీర్ణం ఏర్పడినా టీవీ ముందు కూర్చుని, ఎవరికి ఏ శాఖ వచ్చిందో వింటూ, సైకిలెక్కి ఉపన్యాసాలు దంచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. అవ్వ అడిగినదానికి వాడు ఆ రోజు జవాబు చెప్పలేదు. నోటినిండా కార్జం పెట్టుకున్నవాడు ఏం చెబుతాడు పాపం.