తత్వవేత్త పెద్దకొడుకు

కెనడాలో సస్కటూన్ నుంచి రెజీనా వెళ్లే బస్సులో నా పక్కసీటులో ఓల్డేజ్ హోమ్‌లో పనిచేసే గుంటూరు ఆంటీ ఒకరు కూర్చున్నారు. కుటుంబానికి ప్రేమే పునాది అని రాసిన ఒక జర్మన్ తత్వవేత్త మీద పీహెచ్‌డీ చేస్తున్నానని ఆవిడకు గొప్పగా చెప్పాను.

"ఆయనకి పిల్లలెంతమంది బాబూ?" అన్నారు. నాలుగేళ్లలో మా ప్రొఫెసర్లెవరూ ఆ మాట అడగలేదు.

"ఇద్దరండీ. పెళ్లికి ముందు ఇంకొకడు. వాణ్ని అనాథాశ్రమంలో పెట్టారు. పదేళ్లప్పుడు ఇంటికి తెచ్చుకున్నారు గానీ, తర్వాత ఇంటిపేరు కూడా తీసేశారంటారు. సైన్యంలో చేరి, పరాయిదేశంలో జ్వరమొచ్చి పోయాడు."

"అయ్యో. ఆ పిల్లాడి పేరేంటి?"

నాకు గుర్తు రాలేదు. లాప్‌టాప్ తెరిచి వెతికాను. రెండు వందల పేజీల నా థీసిస్‌లో అతను ఒక ఫుట్‌నోట్‌లో దొరికాడు. అక్కడ 'మరొక కుమారుడు' అని మాత్రమే రాసుకున్నాను.