‘ఆ’ అక్కయ్య

టీబీ ఆసుపత్రి వరండాలో ఆ నర్సును అందరూ ‘ఆ’ అక్కయ్య అంటారు. రోగి మాత్రలు మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, అవి గొంతు దిగాయో లేదో చూడటం ఆవిడ పని. ఎదుటివాళ్లకంటే ముందు తనే ‘ఆ’ అంటూ నోరు బార్లా తెరుస్తుంది, పసివాడికి ముద్ద పెట్టే తల్లిలా. డాక్టర్లు ప్రయోగంగా ఆరు నెలల మందును నాలుగు నెలలకు కుదించి చూస్తున్నారు మరి, ఒక్క మాత్ర తప్పినా ఊరుకోదు. అంత తొందరగా ఆపేస్తే రోగం తిరగబెడుతుందేమోనని లోలోపల ఒకటే పీకులాట.

మందు ఆపిన ఏడాదికి, ఆఖరి పరీక్ష ఫలితం కోసం, ఆ నాలుగు నెలల మందు వాడిన ఒక దర్జీ వచ్చాడు. ఒకప్పుడు నవ్వబోతే దగ్గుతెర ముంచుకొచ్చి గోడ పట్టుకున్న మనిషి. బెంచీ మీద కూర్చోగానే అలవాటు కొద్దీ నోరు తెరిచేశాడు. ఫలితం కాగితం చేత్తో పట్టుకుని ఆవిడా నోరు తెరిచింది.

“మాత్రల్లేవయ్యా బాబూ! ఒక్క క్రిమి కూడా లేదట. ఇంక నోరు మూసుకో!”

“ముందు మీరు మూసుకోండక్కయ్యా!”

దర్జీ పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. ఆవిడ గబుక్కున గ్లాసుతో నీళ్లు పట్టుకుని, రాబోయే దగ్గు కోసం చెవి ఒగ్గి నిలబడింది. నవ్వు అయిపోయింది. దగ్గు రాలేదు. ఆ నీళ్లు ఆవిడే గటగటా తాగేసింది.