పొక్కని టీకాలు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను రెంటచింతల చుట్టుపక్కల పల్లెల్లో మశూచి టీకాలు వేసే సర్కారు ఉద్యోగం చేసేవాణ్ణి. టీకా వేశాక వారానికి మళ్లీ ఆ ఊరు వెళ్లి చూడాలి. గాటు పెట్టినచోట పొక్కు లేస్తే టీకా పట్టినట్టు, లేవకపోతే పట్టనట్టు. మా పనికి కొలత ఆ పొక్కులే. ఏటా పై అధికారి ఊళ్లు తిరిగి, పిల్లల జబ్బలు చూసి, మా ఒక్కొక్కరి గురించి రెండు మాటలు రాసి పైకి పంపేవాడు. జీతం పెరగడమైనా, మంచి చోటికి బదిలీ అయినా ఆ మాటల్ని బట్టే. ఏం రాశాడో మాకు చూపించరు. చెడ్డగా రాస్తేనే తాఖీదు వచ్చేది.

మామూలుగా టీకాలు చలికాలంలో వేసేవాళ్లం. ఆ ఏడు కృష్ణ అవతల అమ్మవారు పోసిందని ఎండల్లోనే వేయమని హుకుం వచ్చింది. మందు మద్రాసు నుంచి సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. మాచర్ల ఆఫీసు దాకా రైల్లో, అక్కణ్ణుంచి నా దగ్గరికి, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో. దారిలో బస్సు ఆగిపోతే ఆ డబ్బా ఎండలోనే ఉండేది. వేడి తగిలితే మందు చచ్చిపోతుంది. గొట్టాలకు తడిగుడ్డ చుట్టి, కుండలో పెట్టి, ఆ కుండను తడి ఇసుకలో పాతిపెట్టేవాణ్ణి. చీకటితోనే ఊళ్లకు బయల్దేరేవాణ్ణి. అయినా టీకాలు పొక్కలేదు.

నాపరాళ్ల గనుల దగ్గరి గుడిసెల్లో ఒకామె ఉండేది. మొగుడు రాళ్లు కొట్టేవాడు. మిగతా ఆడవాళ్లు నన్ను చూడగానే పిల్లల్ని దాచేస్తే, ఆమె మాత్రం కూతుర్ని చంకనేసుకుని తానే వచ్చింది. మొదటిసారి పొక్కలేదు. మళ్లీ వేశాను. ఈసారి వెళ్లి చూస్తే గాటు కూడా మాసిపోయింది.

“ఇదేందన్నా, మళ్లా లేవలేదే?” అంది.

“మందులో సత్తువ లేదమ్మా. కొత్తది రాగానే వస్తా.”

కొత్తది రాకముందే అక్కడ అమ్మవారు పోసింది. నేను వెళ్లేసరికి పిల్ల వేపమండల మీద పడుకుని ఉంది. తల్లి నన్ను తిట్టలేదు. “రెండుసార్లు వేశావుగా అన్నా” అని మాత్రం అంది. పిల్ల బతికింది గానీ రెండు కళ్లూ పోయాయి.

తర్వాత అధికారి వచ్చి గురజాల బంగళాలో దిగి నన్ను పిలిపించాడు.

“పక్క ఫిర్కాలో టీకాలు బాగానే పొక్కినయ్యి. నీకెందుకు పొక్కలేదయ్యా?”

“వాళ్లకు మందు రైలు దిగంగానే చేతికొస్తదండీ. నా దాకా వచ్చేసరికి బస్సులో ఉడికిపోతోంది.”

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోమని మంచినీళ్లు ఇప్పించాడు. “నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటది. కానీ మందు చెడిపోయిందని రాస్తే, చెడిపోతుంటే నువ్వేం చేస్తున్నావని నన్నడుగుతారు. నా మీద రాసేవాడు ఇంకొకడున్నాడు” అన్నాడు.

బయట ఆ ఊరి టీకాల ఉద్యోగి నా కోసం కాచుకుని ఉన్నాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడు. జరిగింది విని నవ్వలేదు, జాలిపడలేదు.

“తమ్ముడూ, ఎండ మీద రిమార్కు రాస్తారంట్రా? రాయటానికి మనిషి కావాల. ఈ ఏడు నువ్వు దొరికావు, నిరుడు ఇంకోదానికి నేను దొరికా” అన్నాడు.

పనిలో అశ్రద్ధ అని తాఖీదు వచ్చింది. జీతం పెంపు ఆపేశారు. సంజాయిషీ రాసి పంపాను. దానికి జవాబు లేదు.

చలికాలం వచ్చింది. అదే కుండ, అదే తడిగుడ్డ, అదే చెయ్యి. టీకాలన్నీ పొక్కాయి. అధికారి పిల్లల జబ్బలు చూసి నా భుజం తట్టాడు. నాకు శ్రద్ధ పెరిగిందని రాశాడట. ఆఫీసు గుమాస్తా చెప్పాడు. తోటివాళ్లు సంతోషించారు. నేనూ సంతోషించినట్టే కనిపించి ఉంటాను.

ఆ రోజుల్లోనే గనుల దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆమెకు మగపిల్లాడు పుట్టాడు. కూతురు గడపలో కూర్చుని నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది. పిల్లాణ్ణి ఇమ్మని చెయ్యి చాపాను.

“వీడికొద్దులే అన్నా.”

“ఈసారి మందు మంచిదమ్మా. ఊరంతా పొక్కినయ్యి, కావాలంటే చూసుకో.”

“అప్పుడూ మంచిదనేగా వేసింది” అంది. గొంతులో కోపం లేదు. పిల్లాడి మీద కొంగు కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. మొగుడు పనిలోంచి వస్తే అతనికైనా చెబుదామనుకున్నాను. అతను వచ్చాడు, విన్నాడు, “దాని ఇష్టమండీ” అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను సంచి భుజాన వేసుకుని పక్క గుడిసె ముందుకు నడిచాను.